ఉత్తమ పురుష ఏకవచనం

పెరటాసి మూడో శనివారానికి ముందు రోజు,
మధ్యాహ్నం ఒకటిన్నర. అక్కడింకా పదే.
చిత్తూరు గిరింపేటలో మేడమీది గది.
తలుపు కింద తువ్వాలు దోపి, ఫ్యాను ఆపేసి
హెడ్‌ఫోన్ తగిలించుకున్నా.
చెవుల వెనక నుంచి మెడకు చెమట కారతా ఉండాది.

తెరమీద ఇద్దరు.
ఆఫీసరమ్మ ముందర నీళ్ళ గ్లాసు, నీలం ఫైలు.
ఆయన ముందర ఏమీ లేదు, చేతులు తప్ప.
ఆయన పేరు చెప్పను. చెప్పనని సంతకం పెట్టినా.
ఊరూ చెప్పను.
ఆయన ఉర్దూకీ మా ఇంటి దక్కనీకీ మధ్య
ఒక ఏరు, రెండు కొండలు అడ్డం ఉండాయి గాని
భయం అన్నప్పుడు మాత్రం
రెండూ ఒకే గట్టుమీద నిలబడతాయి.

దుబాసీకి మొదటిరోజే నేర్పే పాఠం:
‘ఆయన అంటా ఉన్నాడు’ అనగూడదు. ‘నేను’ అనాల.
కలపగూడదు, తీయగూడదు,
నిట్టూర్పును మాటగా మార్చగూడదు.
అట్లా మూడేళ్ళుగా
షమీమున్నీసా కుర్చీలోనే కూచోని
పడవ మునిగి బతికినా,
మీసం గొరిగించుకుని సరిహద్దు దాటినా,
ఒకసారి చొక్కా గుండీని బట్టి
చచ్చిపోయిన అన్నను గుర్తుపట్టినా.

ఈ పొద్దు నన్ను అడిగినారు:
“నీ ప్రార్థన ఇంట్లోనే, తలుపేసుకుని,
గొంతు తగ్గించుకుని చేసుకుంటే సరిపోదా?”

చెడ్డ మనిషి కాదు ఆయమ్మ.
అడిగే ముందు రెండు గుక్కలు నీళ్ళు తాగింది.
మన పెద్దోళ్ళు మంచికే చెప్పినట్టుగా ఉన్నింది ఆ అడగడం.

పోయినేడు శిక్షణలో రాసుకున్న కాగితం
సొరుగులోనే ఉండాది:
ఒంటరిగా గానీ నలుగురితో గానీ,
చాటుగా గానీ బాహాటంగా గానీ.
లక్సెంబర్గులో జడ్జీలు ఎన్నడో తేల్చినారు,
దాచుకుంటే బతకొచ్చు కదా అని
ఆశ్రయానికి వచ్చినోణ్ణి తిప్పి పంపగూడదని.
ఆ మాట నాలుక కొసకొచ్చి కూచునింది.
మింగినా. దుబాసీకి సొంత మాట ఉండదు.
ప్రశ్నను ప్రశ్నగానే దాటించినా.

ఆయన చానాసేపు చేతులు చూసుకున్నాడు.
“మా నాయన సమాధి రాతిమీద ఒక వరస ఉన్నింది.
రాత్రిపూట వచ్చి దానికి సిమెంటు పూసినారు.
ఆ రాయి ఎన్నడూ గొంతెత్తలేదమ్మా.
ఊరి బయట, ముళ్ళకంచె లోపల
తలుపేసుకునే ఉన్నింది.”

“మా నాయన సమాధి” అని నేను ఇంగ్లీషులో అంటా ఉంటే
పక్కగదిలో మా నాయన దగ్గినాడు.

అప్పుడే కింద రోడ్డుమీద అరవోళ్ళ గుంపు.
పసుపు బట్టలు, బొబ్బలెక్కిన కాళ్ళు,
వేలూరు నుంచి నడిచొస్తా,
గోవిందా… గోవిందా…
తువ్వాలును దాటుకుని, మైకులో దూరి,
యాడనో ఆ దేశం గోడకు పోయి తగిలింది.
“ఏమిటా శబ్దం?”
అడిగింది నన్నే.
నా ‘నేను’ నాకు దొరకడానికి రవంత సేపు పట్టింది.
“కొండకు నడిచిపోయేవాళ్ళు మేడం. రోడ్డుమీద.”
అదీ ఆయనకు ఉర్దూలో చెప్పినా. చెప్పాల.
తలెత్తినాడు.
“వాళ్ళను ఎవురూ ఏమీ అనరా?”
“అనరు.”
నవ్వినాడు, గంటలో మొదటిసారి.
నవ్వును నేను దాటించలేదు.
రికార్డులో విరామం అని రాసుకున్నారేమో.

అనరు అన్నా గాని,
పోయినేడు సంతపేటలో ఇల్లు బాడుగకు వెతికేటప్పుడు
నా పేరు సగమే చెప్పినా, షమి అని,
గొంతు తగ్గించి.
ఆ సంగతి ఫైలులో లేదు. నన్నెవురూ అడగలేదు.

గంటా నలభై నిమిషాలు. డబ్బులు నెలాఖరుకు పడతాయి.
తీర్పు నాకు చెప్పరు. ఒక్కదానిదీ చెప్పలేదు.
తువ్వాలు తీసి, బిందె ఎత్తుకుని కిందికి దిగినా.
పసుపుచీర ముసలామె సీసా చాపింది.
నీళ్ళు పోస్తా ఉంటే నా మొగం చూసి అరవంలో అడిగింది,
“ఉన్ పేరెన్నమ్మా?”

నోరు తెరిచినా.
పొద్దుట్నుంచి ఎందరి ‘నేను’లో ఆ నోట్లో.
సీసా నిండిపోయి
నీళ్ళు ఆమె వేళ్ళమీద పొర్లతా ఉండాయి.